"కొట్టమంటే ఏం చేయాలి?" అని అడిగే అమ్మాయి పోలీసు ఉద్యోగానికి పనికొస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయికి 22 ఏళ్ళు. బీఎస్సీ కెమిస్ట్రీ చేసి ఏడాదిగా ఎస్సై పరీక్షకు చదువుతోంది. పరుగులో, లాంగ్ జంప్‌లో బాగా చేస్తోంది. ఈ మధ్య ఒక లాకప్ మరణం వార్త చూసిన దగ్గర్నుంచి పుస్తకం ముట్టుకోవడం లేదు. "అమ్మా, పై ఆఫీసరు కొట్టమంటే నేనేం చేయాలి?" అని అడుగుతోంది. వాళ్ళ నాన్నగారేమో "కొట్టకపోతే దొంగ నిజం చెబుతాడా? ఒంటిమీదికి యూనిఫాం వస్తే ఆ మెత్తదనం అదే పోతుంది" అంటున్నారు. 2019లో దిశ కేసు నిందితులు ఎన్‌కౌంటర్‌లో చనిపోయిన రోజు మేం స్వీట్లు పంచాం. అప్పుడు దానికి పదహారేళ్ళు. ఇప్పుడు అది గుర్తుచేసి మమ్మల్నే నిలదీస్తోంది. ఎస్సై, గ్రూప్-2, లా, ఈ మూడింట్లో ఏది మంచిదో పోల్చి చెప్పగలరు. – ఒక తల్లి

జవాబు:

అమ్మా, మీరు మూడు దారుల పేర్లు రాశారు గానీ మీ భయం వాటి గురించి కాదు. కన్న కూతురు మనుషుల్ని కొట్టే మనిషిగా మారిపోతుందేమోనని ఒక భయం. కొట్టనన్నందుకు ఉద్యోగంలో నలిగిపోతుందేమోనని ఇంకో భయం. ఈ రెండూ ఉన్న తల్లిదండ్రులు పిల్లల చదువు గురించి సలహా కోసం ఏటా నా దగ్గరికి వస్తారు. "మావాడు మెత్తటివాడు సార్, పోలీసుకు పనికొస్తాడా?" అని అడుగుతారు. మెత్తదనం ఒక జబ్బు అన్నట్టు, దానికి నేను మందు రాయాలన్నట్టు. పిల్లలు తమంతట తాము "కొట్టమంటే ఏం చేయాలి?" అని అడగడం మాత్రం నేను అరుదుగా చూశాను. మీ అమ్మాయి అడిగింది. నా లెక్కలో ఆ ఉద్యోగానికి ఆమెకున్న అసలు అర్హత అదే. పరుగు, లాంగ్ జంప్ దాని తర్వాతే.

ముందు మీవారి మాట సంగతి చూద్దాం. కొట్టకపోతే నిజం రాదన్నారు. కొడితే వచ్చేది నిజం కాదు, కొట్టేవాడు వినాలనుకున్న మాట. చట్టానికి ఈ సంగతి చాలా కాలంగా తెలుసు. 1855లోనే మద్రాసు ప్రెసిడెన్సీలో హింస మీద ఒక విచారణ కమిషన్ నివేదిక ఇచ్చింది. మన కోస్తా, రాయలసీమ అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనివే. శిస్తు వసూలు కోసం, నేరం ఒప్పించడం కోసం జనాన్ని ఎలా హింసించేవారో అందులో నమోదైంది. ఆ తర్వాతే 1859లో మద్రాసుకు ప్రత్యేకంగా పోలీసు చట్టం వచ్చింది. పోలీసు ముందు ఇచ్చిన నేరాంగీకారం కోర్టులో చెల్లదన్న సూత్రం 1872 సాక్ష్య చట్టంలో ఉంది, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఉంది. అంటే రాత్రంతా కొట్టి రాయించుకున్న ఒప్పుకోలు కాగితం కోర్టులో చిత్తు కాగితమే.

మరి ఎందుకు కొడతారు? ఆ చట్టంలోనే ఒక సందు ఉంది. నిందితుడు చెప్పిన చోట దొంగసొత్తో ఆయుధమో దొరికితే, ఆ మేరకు అతని మాట చెల్లుతుంది. స్టేషన్ భాషలో దాన్నే "రికవరీ" అంటారు. పై నుంచి వచ్చే ఒత్తిడంతా దాని మీదే ఉంటుంది. పొద్దున బందోబస్తు, మధ్యాహ్నం కోర్టు, సాయంత్రం పంచాయితీలు, రాత్రికి దర్యాప్తు, అన్నీ ఒకే ఎస్సై చేయాలి. ఆధారాలు ఓపికగా కూడగట్టడానికి టైము ఉండదు, చాలాచోట్ల ఆ నేర్పూ ఉండదు. అప్పుడు లాఠీ దగ్గరిదారి అవుతుంది. థర్డ్ డిగ్రీ ధైర్యం కాదమ్మా, దర్యాప్తు చేతకాకపోవడం. పైగా అది నేరం. ఒప్పుకోలు కోసం గాయపరిస్తే భారతీయ న్యాయ సంహిత 120వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా, తీవ్రంగా గాయపరిస్తే పదేళ్ళ దాకా జైలు. మీవారు చెప్పిన సలహా పాటిస్తే మీ అమ్మాయి నిలబడేది బోనులో.

ఇక స్వీట్ల సంగతి. కోపగించుకోకండి, ఇది చెప్పకుండా ముందుకు పోలేను. ఆ రోజు షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో పోలీసుల మీద జనం పూలు చల్లారు. ఆ ఆడపిల్లకు జరిగింది విని మీకు కడుపు మండింది, నాకూ మండింది. కానీ తర్వాత సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ ఏం తేల్చిందో మీ ఇంట్లో ఎవరైనా చదివారా? ఆ నలుగురినీ చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, వారిలో ముగ్గురు మైనర్లని తేల్చింది. పదిమంది పోలీసుల మీద హత్య నేరం కింద విచారణ జరగాలని సిఫార్సు చేసింది. కాల్పులైన రోజు వీధుల్లోకి వచ్చినవాళ్ళలో ఎంతమంది 2022లో ఆ నివేదిక బయటికొచ్చినప్పుడు దాని గురించి మాట్లాడారు? నేరం చేశారో లేదో తేల్చాల్సిన కోర్టు మెట్లు ఎక్కకుండానే నలుగురు పోయారు. అసలు నేరం ఎలా జరిగిందో తేల్చే విచారణ కూడా వాళ్ళతోనే పోయింది. ఆ రోజు మీ పదహారేళ్ళ పిల్ల చేతిలో మీరు స్వీటు పెట్టారు. ఆరేళ్ళు ఆలోచించి ఇప్పుడు అది తిరిగి మిమ్మల్ని అడుగుతోంది. పిల్లలు నిలదీయడం అవమానం కాదు. సమాధానం చెప్పకుండా "గ్రూప్-2 రాయరాదూ" అని మాట మార్చడం తప్పు.

ఇప్పుడు నాకు అసలు అనుమానం ఉన్న చోటికి వస్తాను. ఈ మధ్య ఖాకీ మోజు బాగా పెరిగింది. జీపు దిగుతున్న అధికారి రీల్స్, వెనకాల మోత మోగే సంగీతం, "సిస్టమ్‌లోకి వెళ్ళి సిస్టమ్‌ని మార్చేస్తా" అనే పిల్లలు. కోచింగ్ సెంటర్ల ప్రకటనలు ఆ కలనే అమ్ముతున్నాయి. నాకు ఈ కల మీద నమ్మకం లేదు. ఒక మంచి మనసు వెళ్ళి ఒక చెడ్డ వ్యవస్థను మార్చేస్తుందన్నది పిల్లల నెత్తిన మోయలేని బరువు పెట్టడమే. ప్రకాశ్ సింగ్‌గారు అస్సాంకు, ఉత్తరప్రదేశ్‌కు డీజీపీగా, బీఎస్‌ఎఫ్‌కు డైరెక్టర్ జనరల్‌గా చేశారు. అంతకంటే పెద్ద కుర్చీ ఆ శాఖలో ఏముంది? ఆయన కూడా రిటైరయ్యాక 1996లో సుప్రీంకోర్టు తలుపు తట్టాల్సి వచ్చింది. పదేళ్ళకు, 2006 సెప్టెంబర్ 22న తీర్పు వచ్చింది. డీజీపీకి, జిల్లా ఎస్పీకి, స్టేషన్ అధికారికి కనీసం రెండేళ్ళ పదవీకాలం ఉండాలని, దర్యాప్తును శాంతిభద్రతల నుంచి విడదీయాలని, పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి రాష్ట్రంలో, జిల్లాలో ప్రత్యేక అథారిటీలు ఉండాలని ఆదేశించింది. దాదాపు ఇరవై ఏళ్ళయినా రాష్ట్రాలు దాన్ని మనస్ఫూర్తిగా అమలు చేయలేదు. పోస్టింగ్ కోసం నాయకుడి లెటర్ తెచ్చుకునే పద్ధతి ఉన్నన్నాళ్ళు, ఆ లెటర్ ఇచ్చినాయన ఫోన్ చేస్తే కాదనడం ఎంత కష్టమో మీకు నేను చెప్పాలా?

అలాగని పోలీసు మారదు అనుకోకండి, నేను అలా అనను. మన 1861 పోలీసు చట్టానికి నమూనా ఐరిష్ కాన్‌స్టాబ్యులరీ, అంటే బ్రిటిష్ పాలనలో ఐర్లాండ్‌లో ఉన్న పోలీసు బలగం. 1857 తిరుగుబాటు చూసి బెదిరిన తెల్లవాళ్ళకు జనాన్ని అదుపులో పెట్టే బలగం కావాల్సి వచ్చింది, ఆ నమూనా తెచ్చుకున్నారు. ఆ ఐరిష్ బలగానికి వారసుగానే ఉత్తర ఐర్లాండ్‌లో 1922లో రాయల్ అల్‌స్టర్ కాన్‌స్టాబ్యులరీ ఏర్పడింది. అక్కడ అప్పట్లో మైనారిటీలైన కేథలిక్కులకు దాని పేరు వింటేనే గిట్టేది కాదు. దాన్ని ఎలా మార్చాలో 1999లో ప్యాటెన్ కమిషన్ నివేదిక ఇచ్చింది. 2001లో పేరు మార్చారు, గుర్తు మార్చారు. కొత్తగా తీసుకునేవారిలో సగం కేథలిక్కులు ఉండాలని నియమం పెట్టి పదేళ్ళు పాటించారు. ఫిర్యాదుల మీద విచారణను పోలీసుల చేతుల్లోంచి తీసి స్వతంత్ర అంబుడ్స్‌మన్‌కు ఇచ్చారు. ఇవాళ అక్కడ అంతా బాగుందని కాదు. కానీ మన పోలీసుకు అచ్చు పోసిన చోటే ఆ అచ్చును పగలగొట్టారు. అది ఏ ఒక్క మంచి ఎస్సై వల్లో జరగలేదు. నియామకాలు, ఫిర్యాదులు, జవాబుదారీ, ఈ మూడింటినీ చట్టంతో మార్చితే జరిగింది.

మరి ఒక్క మనిషి చేయగలిగింది ఏమీ లేదా? ఉంది, అది రీల్స్‌లో కనిపించదు.

నా దగ్గర చదువు గురించి సలహా తీసుకుని ఎస్సై అయిన ఒక కుర్రాడు రెండేళ్ళ తర్వాత వచ్చాడు. "రాత్రి ఒంటిగంటకు ఒకణ్ణి తెచ్చారు సార్. తెల్లారేసరికి రికవరీ కావాలన్నారు. నేను కొట్టలేదు. గదిలోంచి బయటికొచ్చి టీ తాగాను. ఆ టీయే నన్ను నిద్రపోనివ్వడం లేదు" అన్నాడు. అతనికి నేను ఏమీ చెప్పలేకపోయాను. తర్వాత చాలాసార్లు అనుకున్నాను, వెళ్ళేముందు "కొట్టమంటే?" అని మేమిద్దరం ఒక్కసారైనా మాట్లాడుకుని ఉండాల్సిందని. మీ ఉత్తరానికి ఇంత పొడవు జవాబు రాయడానికి కారణం అతనే.

2020 జూన్‌లో తమిళనాడు సాత్తాన్‌కుళంలో లాక్‌డౌన్ వేళ దాటి సెల్‌ఫోన్ షాపు తెరిచారని తండ్రీకొడుకులను స్టేషన్‌కు తీసుకెళ్ళారు. ఇద్దరూ చనిపోయారు. విచారణకు మేజిస్ట్రేట్ వెళితే ఆయన్నే బెదిరించారు. సీసీ కెమెరాల ఫుటేజీ ఏ రోజుకారోజు చెరిగిపోయేలా పెట్టి ఉంది. అంత జరుగుతున్న స్టేషన్‌లో ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్ భయంతో వణుకుతూనే మేజిస్ట్రేట్‌కు వాంగ్మూలం ఇచ్చింది. రాత్రంతా కొట్టారని, లాఠీల మీదా బల్ల మీదా రక్తం ఉందని చెప్పింది. ఆమె ఐపీఎస్ కాదు, ఎస్సై కూడా కాదు. కేసు సీబీఐ దాకా వెళ్ళి, సహోద్యోగులే నిందితులై నిలబడ్డారంటే అందులో ఆమె మాటకు పెద్ద పాత్ర ఉంది. అదే ఏడాది డిసెంబర్‌లో ప్రతి స్టేషన్‌లో శబ్దం కూడా రికార్డు చేసే కెమెరాలు ఉండాలని, ఫుటేజీ నెలల తరబడి దాచాలని సుప్రీంకోర్టు వేరే కేసులో ఆదేశించింది.

కాబట్టి మీ అమ్మాయి ప్రశ్నకు సూటిగా జవాబు: కొట్టమంటే కొట్టకూడదు. పై అధికారి చెప్పాడన్నది కోర్టులో ఆమెను కాపాడదు. చట్టవిరుద్ధమైన ఆజ్ఞను పాటించాల్సిన బాధ్యత ఆమెకు లేదు. "రాతపూర్వకంగా ఇవ్వండి సార్" అన్న ఒక్క మాటకు చాలా నోళ్ళు మూతపడతాయి. 1996 డి.కె. బసు తీర్పులోని పదకొండు సూత్రాలు ఆమెకు కంఠతా రావాలి. అరెస్టు మెమో మీద సాక్షి సంతకం, బంధువులకు కబురు, 48 గంటలకోసారి వైద్య పరీక్ష. ఇవి పరీక్షలో మార్కుల కోసం కాదు. స్టేషన్‌లో జరిగేదంతా ఎప్పటికప్పుడు రాసే జనరల్ డైరీలో సరైన టైముకు రాసిన ఒక్క వాక్యం ఒక మనిషి ప్రాణం కాపాడుతుంది, రాసినవాళ్ళ ఉద్యోగమూ కాపాడుతుంది. దీనికి ధర ఉండదని అబద్ధం చెప్పను. మంచి స్టేషన్ రాకపోవచ్చు, పోస్టింగ్ ఇవ్వకుండా వీఆర్‌లో (వేకెన్సీ రిజర్వ్) పెట్టొచ్చు, మెస్‌లో పక్కన కూర్చునేవాళ్ళు తగ్గొచ్చు. ఆ ధర కట్టగలదో లేదో ఇప్పుడే, ఇంట్లోనే ఆలోచించుకోవాలి. కట్టలేనంటే అది పిరికితనం కాదు.

పోలిక అడిగారు కదా, రెండు మాటల్లో చెబుతాను. గ్రూప్-2 మంచి ఉద్యోగమే కానీ ఆమె ప్రశ్నకు అది జవాబు కాదు, తప్పించుకోవడం. లా చదివితే తర్వాత కొన్నేళ్ళ ప్రాక్టీసుతో అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ కావచ్చు, న్యాయ సేవాధికార సంస్థల్లో పేదల తరఫున నిలబడొచ్చు. కొట్టి తయారుచేసిన కేసు ఎంత బోలుగా ఉంటుందో అక్కడ రోజూ చూస్తుంది. మీరు రాయని నాలుగో దారి ఒకటుంది. ఆమెది కెమిస్ట్రీ. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర ప్రక్రియ చట్టం, ఏడేళ్ళు, ఆపైన శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్ళాలంటోంది. రాష్ట్రాలకు దీన్ని అమలు చేయడానికి గడువు ఇచ్చారు, మనుషులు మాత్రం కావాలి. ఫోరెన్సిక్ సైన్స్‌లో ఎమ్మెస్సీ చేస్తే, లాఠీ అవసరం లేకుండా నిజం చెప్పించే పని అది. రక్తపు మరకను కొట్టక్కర్లేదు కదా.

నా మొగ్గు అడిగితే, ఆమె ఎస్సై పరీక్ష రాయాలి. ఆమెకు ఇష్టం ఉంటేనే. జనాన్ని ఉద్ధరించడానికి కాదు, మంచి దర్యాప్తు అధికారి కావడానికి. రాకపోతే ఫోరెన్సిక్స్ వైపు వెళ్ళాలి. ఈ రెండూ ఒకే పనికి రెండు చివరలు. చదువు ఆగిందని ఇప్పుడు టెన్షన్ పడకండి. నెలరోజులు పుస్తకం ముట్టకపోతే సిలబస్ ఎక్కడికీ పోదు. ఆ వార్త చూసి కూడా ఏమీ కానట్టు చదువుకుంటూ పోతే నేను ఎక్కువ దిగులుపడేవాణ్ణి.

ఈ వారం రెండు పనులు చేయండి. ఒకరోజు ఆమెను మీ దగ్గర్లోని మేజిస్ట్రేట్ కోర్టుకు పంపండి. రిమాండ్‌కు తెచ్చినవాళ్ళను "పోలీసులు కొట్టారా?" అని మేజిస్ట్రేట్ అడిగినప్పుడు వాళ్ళు ముందు ఎవరి మొహం వైపు చూసి జవాబిస్తారో గమనించమనండి. రెండోది మీవారికి. 2019 నాటి ఆ స్వీట్ల గురించి కూతురితో కూర్చుని మాట్లాడమని చెప్పండి. గెలవడానికి కాదు, వినడానికి. తర్వాత ఉత్తరం ఆమెనే రాయమనండి. పరుగు మాత్రం మానొద్దని చెప్పండి.