లావణ్యకు, పిల్లల ఇంగ్లీషు దిద్దే ముందు

చిరంజీవి లావణ్యకు,

మామయ్య ఆశీస్సులు. డాబా మీద గదిలో డిగ్రీ పిల్లలకు సాయంత్రం ఇంగ్లీషు బ్యాచి మొదలుపెడుతున్నావని అక్కయ్య ఫోన్లో చెప్పింది. విన్నప్పటి నుంచి సంతోషంగానూ ఉంది, భయంగానూ ఉంది. భయం నీ ఇంగ్లీషు గురించి కాదమ్మా, నీ తొందర గురించి. ఎదుటివాళ్ల నోట తప్పు వస్తే వాక్యం పూర్తికాకుండానే అందుకునే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఇంట్లో అది ముద్దుగానే ఉండేది. పదిమంది ముందు ఒక పిల్లను అలా ఆపావంటే ఆ పిల్ల ఇక నోరు తెరవదు. నోరు తెరవని పిల్లకు ఏ గ్రామరూ నేర్పలేం.

ముందు ఒక్కటి మనసులో పెట్టుకో. మనవాళ్లు చేసే తప్పుల్లో చాలావరకు తెలివితక్కువ వల్ల వచ్చేవి కావు. తెలుగు వాక్యాన్ని తప్పులేకుండా కట్టి, దానికి ఇంగ్లీషు మాటలు తొడుగుతారు. కాబట్టి తప్పు వినగానే దాని కింద ఉన్న తెలుగు వాక్యం ఏమిటో వెతుకు. అది దొరికితే ఎక్కడ దిద్దాలో నీకే తెలుస్తుంది.

చిన్నవి ఒక్కో మాటతో సరిపోతాయి. 'మైసెల్ఫ్ రమేశ్' బదులు 'ఐ యామ్ రమేశ్' అనమను. 'డిడ్ నాట్ వెంట్' కాదు, 'డిడ్ నాట్ గో'. జరిగిపోయిన కాలాన్ని 'డిడ్' ఒకసారి చెప్పేసింది, రెండోసారి అక్కర్లేదు. 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్' అనాలి, కానీ వెనక వచ్చే క్రియ ఆ ఒక్కరిదే కాబట్టి 'ఈజ్'. 'రిటర్న్ బ్యాక్'లో 'బ్యాక్' తీసేయించు. 'ఇన్ఫర్మేషన్', 'ఫర్నిచర్', 'లగేజ్', 'అడ్వైస్' మాటల చివర 'స్' తగిలించనివ్వకు. 'ఇఫ్ ఐ విల్ గెట్ ది జాబ్' అంటే 'ఇఫ్ ఐ గెట్ ది జాబ్' అని దిద్దు. వీటికి రోజుల తరబడి క్లాసులు పెట్టకు.

టైము పెట్టాల్సింది 'నుంచి' దగ్గర. ఇది తరతరాలుగా మనవాళ్లను వదలని తప్పు. పెద్ద పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ల నోట కూడా వినిపిస్తుంది. 'రెండేళ్ల నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను' అన్న తెలుగు వాక్యం 'ఐ యామ్ వర్కింగ్ హియర్ ఫ్రమ్ టూ ఇయర్స్' అయిపోతుంది. కాస్త చదువుకున్నవాళ్లు 'ఫ్రమ్' తీసి 'సిన్స్ టూ ఇయర్స్' అంటారు. రెండూ తప్పే. 'ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్' అనాలి.

ఇందులో కలిసిపోయిన తప్పులు రెండు. వాటిని ఒకే రోజు చెప్పకు. మొదటిది క్రియ. తెలుగులో 'ఇప్పుడు పనిచేస్తున్నాను' అన్నా, 'రెండేళ్ల నుంచి పనిచేస్తున్నాను' అన్నా క్రియ మారదు. ఇంగ్లీషులో మారుతుంది. ఈ క్షణాన జరుగుతున్నదైతే 'యామ్ వర్కింగ్'. వెనక ఎప్పుడో మొదలై ఇప్పటిదాకా సాగుతున్నదైతే 'హావ్ బీన్ వర్కింగ్'. 'తెలుసు' అనే అర్థం వచ్చే 'నో' లాంటి మాటలకు మాత్రం 'ఇంగ్' చేరదు. 'ఐ యామ్ నోయింగ్ హిమ్ ఫ్రమ్ చైల్డ్‌హుడ్' అన్నవాడికి 'ఐ హావ్ నోన్ హిమ్ సిన్స్ చైల్డ్‌హుడ్' అని చెప్పు.

రెండోది 'ఫర్', 'సిన్స్' మధ్య తేడా. పుస్తకాల్లో ఒకటి కాలవ్యవధికి, రెండోది కాలబిందువుకు అని రాస్తారు. పిల్లలు అది బట్టీపట్టి పరీక్షలో రాసి, గది దాటగానే మర్చిపోతారు. అసలు కిటుకు మన తెలుగులోనే ఉంది. కాలం చెప్పే మాట చివర 'గా' పెట్టి చూడమను. 'రెండేళ్లుగా', 'మూడు రోజులుగా', 'గంటగా', 'చాలాకాలంగా' అంటాం. అక్కడ 'ఫర్'. 'సోమవారంగా', 'నిన్నటిగా', '2022గా' అనలేం, 'నుంచి' ఒక్కటే అతుకుతుంది. అక్కడ 'సిన్స్'. అందుకే మూడు రోజులుగా జ్వరం అంటే 'ఫర్ త్రీ డేస్', సోమవారం నుంచి జ్వరం అంటే 'సిన్స్ మండే'. పిల్లవాడు ముందు 'మూడు రోజుల నుంచి' అన్నా ఫర్వాలేదు. 'గా' పెడితే అతికిందా లేదా అన్నదే చూసుకోమను.

'ఫ్రమ్' ఎక్కడ పెట్టాలని తప్పకుండా అడుగుతారు. మొదలు, చివర రెండూ చెప్పేటప్పుడు: 'ఫ్రమ్ నైన్ టు ఫైవ్', 'ఫ్రమ్ 2019 టు 2022'. ఇక మీదట మొదలయ్యేదానికి కూడా పనికొస్తుంది: 'ది షాప్ విల్ బి ఓపెన్ ఫ్రమ్ మండే'.

ఇక్కడే ఇంకో చిక్కుంది. 'హావ్' రుచి తగిలాక పిల్లలు అన్నిచోట్లా అదే వాడతారు. 'యెస్టర్‌డే ఐ హావ్ సెంట్ ది మెయిల్' అంటారు. నిన్న, పోయిన వారం, 2020లో అని గడిచిపోయిన సమయం పేరెత్తితే 'హావ్' కుదరదు, 'ఐ సెంట్' అంతే. ఇంటర్వ్యూలో ఇది అర్థాన్నే మార్చేస్తుంది. మానేసిన ఉద్యోగం గురించి 'ఐ హావ్ వర్క్‌డ్ దేర్ ఫర్ టూ ఇయర్స్' అంటే ఇంకా అక్కడే పనిచేస్తున్నట్టు వినిపిస్తుంది. 'ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ టూ ఇయర్స్' అనాలి. బోర్డు మీద 'రెండేళ్లుగా పనిచేస్తున్నాను', '2022 నుంచి పనిచేస్తున్నాను', 'రెండేళ్లు పనిచేశాను' అని మూడు తెలుగు వాక్యాలు రాయి. వాళ్ల ఇల్లు, కాలేజీ, జ్వరం, స్నేహం, ఫోను, ఏదైనా తీసుకుని ఆ మూడు అచ్చుల్లో ఇంగ్లీషు చెప్పించు. వారం రోజులు, రోజూ పది నిమిషాలు. విసుగొచ్చిందని మధ్యలో వదలకు.

ఇక నాకు నిజంగా భయం కలిగించేది 'అవును' అన్న మాట. 'నువ్వు తినలేదా?' అని అడిగితే మనం 'అవును, తినలేదు' అంటాం. అడిగినవాళ్లు అన్నది నిజమేనని ఒప్పుకోవడం అది. ఇంగ్లీషులో ప్రశ్నతో పనిలేదు, ఉన్న విషయమే జవాబు. తినలేదు కాబట్టి 'నో, ఐ హావెంట్'. ఇంటర్వ్యూలో 'సో యు డోంట్ హావ్ ఎనీ బ్యాక్‌లాగ్స్?' అని అడుగుతారు. అన్నీ పాసైన పిల్ల వినయంగా తలూపి 'యస్ సర్' అంటుంది. వాళ్లకు బ్యాక్‌లాగ్స్ ఉన్నాయేమో అనిపిస్తుంది. కష్టపడి చదివిన పిల్ల ఒక్క మాటకు నష్టపోవడం నేను తట్టుకోలేను లావణ్యా. కాబట్టి మొదటి వారంలోనే ఇది చెప్పు. వెనక వచ్చే వాక్యంలో 'నాట్' ఉంటే ముందు 'నో', లేకపోతే 'యస్'. ఒట్టి 'యస్', ఒట్టి 'నో' అననివ్వకు. 'నో సర్, ఐ డోంట్ హావ్ ఎనీ' అని పూర్తిగా చెప్పించు. ప్రశ్నలు నువ్వు తిప్పి తిప్పి అడగాలి: 'డిడ్ంట్ యు గెట్ ది మెయిల్?', 'యు ఆర్ నాట్ ఫ్రమ్ ఒంగోల్?' ఇలాంటివి.

కొన్ని తప్పులు వింటే కోపం రాకూడదు, ముచ్చటేయాలి. 'మై ఫాదర్ హావ్ కమ్', 'సర్ హావ్ టోల్డ్' అంటారు చూడు. ఆ పిల్లకు ఏకవచనం రాక కాదు. 'నాన్నగారు వచ్చారు' అని నోట గౌరవం వచ్చింది, దాన్నే ఇంగ్లీషులో పెట్టింది. ఇంగ్లీషు క్రియలో ఆ మర్యాద ఉండదని, ప్రధానమంత్రికైనా 'హాజ్' అనే అంటారని నెమ్మదిగా చెప్పు.

విభక్తులదీ అదే దారి. 'కి' ఉంటే 'టు', 'తో' ఉంటే 'విత్', 'గురించి' ఉంటే 'అబౌట్' అని అతికించేస్తారు. 'అతనికి ఫోన్ చేశాను' కాస్తా 'ఐ కాల్డ్ టు హిమ్' అవుతుంది. 'కాల్డ్ హిమ్', 'రీచ్డ్ హైదరాబాద్', 'డిస్కస్డ్ ది ప్రాబ్లమ్', 'మ్యారీడ్ టు హిమ్' అనాలి. వీటికి సూత్రం వెతక్కు. వాక్యం మొత్తంగా నోటికి రావాలి.

ప్రశ్నల్లో మన భాషలో మాటలు చోటు మారవు కాబట్టి 'వై యు ఆర్ లేట్?' అంటారు. 'వై ఆర్ యు లేట్?' అని దిద్దితే అదే అలవాటై, 'కెన్ యు టెల్ మీ వేర్ ఈజ్ ది ఆఫీస్?' అంటారు. ప్రశ్న లోపల ఉన్న ప్రశ్నలో మాటలు మామూలు వరసలోనే ఉండాలి: 'వేర్ ది ఆఫీస్ ఈజ్'. ఈ రెండింటి మధ్య కనీసం పది రోజులు ఎడం పెట్టు.

'ఎ', 'యాన్' అక్షరాన్ని బట్టి కాదు, శబ్దాన్ని బట్టి వస్తాయని నీకు తెలుసు. 'యాన్ అవర్', 'ఎ యూనివర్సిటీ'. మన పిల్లలకు వేరే చిక్కు. 'ఎగ్'ను 'యెగ్' అని, 'ఎమ్మెల్యే'ను 'యెమ్మెల్యే' అని పలుకుతారు. వాళ్ల చెవికి అక్కడ అచ్చు లేదు, 'ఎ యెగ్' అనే తోస్తుంది. ముందు ఉచ్చారణ సరిచెయ్యి, తర్వాత 'యాన్' దానంతటదే వస్తుంది.

తప్పు కానివాటిని మాత్రం తప్పనకు. 'ప్రీపోన్' మన దేశంలో బాగా వాడుకలో ఉన్న మాట, డిక్షనరీల్లోకీ ఎక్కింది. బయటి దేశాల్లో కొందరికి అర్థంకాకపోవచ్చని చెబితే చాలు.

దిద్దే పద్ధతి చెబుతాను, ఇది పాటించకపోతే నేనొప్పుకోను. పిల్ల 'హి గో డైలీ' అంటే ఆపకు. 'ఓ, హి గోస్ డైలీ? వేర్ డజ్ హి గో?' అని సంభాషణలోనే సరైన రూపం వినిపించు. తప్పును నీ నోట్సులో రాసుకో. చివరి ఐదు నిమిషాల్లో రెండే రెండు తప్పులు, పేర్లు చెప్పకుండా, బోర్డు మీద రాయి. వాళ్లచేతే దిద్దించు. తర్వాత తప్పు వాక్యాన్ని తుడిచేసి సరైనదాన్ని ఉంచు. బోర్డు మీద మిగిలిందే కళ్లలో నిలిచిపోతుంది. ఒక్కొక్కరికీ మూడు గళ్ల నోటుబుక్కు పెట్టించు: తెలుగు వాక్యం, తాను అన్నది, అనాల్సింది. వారం తర్వాత అదే తప్పును వేరే వాక్యంలో పరీక్షించు.

విదేశాలకు వెళ్లేందుకు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌కు వెళ్లే పిల్లలూ వస్తారు. అక్కడ రైటింగులోనూ స్పీకింగులోనూ గ్రామరుకు నాలుగో వంతు మార్కులు. తప్పుల్లేకపోవడం ఒక్కటే కాదు, వాక్యాల్లో వైవిధ్యం కూడా చూస్తారు. తప్పుకు జడిసి పొడి పొడి వాక్యాలతో సరిపెట్టేవాళ్లకు ఎక్కువ మార్కులు రావు. వాళ్లను ధైర్యంగా పెద్ద వాక్యాలు కట్టనివ్వు, తప్పులొస్తే రానీ.

మొదటి రోజు ఏ పాఠమూ చెప్పకు. పొద్దుటి నుంచి ఏం చేశారో ఐదు వాక్యాలు తెలుగులో రాయించి, అదే పేజీలో కింద ఇంగ్లీషులో రాయించు. ఆ కాగితాలు ఇంటికి తెచ్చుకుని, ఎక్కువమందికి వచ్చిన తప్పులేవో చూడు. మొదటి నెల పాఠాలు అవే. ఆ పేజీల ఫోటోలు నాకూ పంపు, చూసి చెబుతాను. బ్యాచి మాత్రం ఏడింటికల్లా వదిలెయ్యి తల్లీ, పల్లెల నుంచి వచ్చే ఆడపిల్లలకు బస్సులు దొరకాలి.

ఇట్లు,
మీ మామయ్య