పగిలిన మానిఫోల్డ్‌కు వెల్డింగ్ సరిపోతుందా?

ప్రశ్న: మా చిన్న తెరచాప పడవ డీజిల్ ఇంజిన్‌కు ఉన్న పోత ఇనుప ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌పై (సిలిండర్ల పొగను బయటికి నడిపే, చల్లబరిచే నీరు గోడల మధ్య పారే భాగంపై) సన్నని పగులు ఏర్పడి, సముద్రపు నీరు చెమరుస్తోంది. ఎపాక్సీ (గట్టిపడే జిగురు) పూసి వాడుకోవచ్చునా?

జవాబు: ఎపాక్సీ ఒడ్డు చేరేవరకు పనికి వస్తే రావచ్చు గాని, దానిని మరమ్మతుగా భావించకండి. బయటికి కారే నీటికన్నా లోపలికి దిగే నీరే ప్రమాదకరం. అది ఎగ్జాస్ట్ వాల్వు గుండా సిలిండర్‌లో చేరితే, నీరు ఎంత నొక్కినా కుదించుకోదు కనుక, స్టార్ట్ చేసిన క్షణంలోనే కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను పట్టి ఉండే కడ్డీ) వంగిపోవచ్చు. కాబట్టి ముందుగా ఇంజిన్ ఆయిల్ నీరు కలిసి పాలరంగుకు మారిందేమో చూడండి. పొగ పోయే మార్గంలోనూ పగులు ఉంటే కార్బన్ మోనాక్సైడ్ క్యాబిన్‌లో చేరుతుంది. దానికి వాసన ఉండదు.

పోత ఇనుములో కార్బన్ 2 శాతానికి మించి ఉండటంవల్ల, ముందుగా వేడి చేయకుండా వెల్డింగ్ చేస్తే అతుకు పక్కనే మళ్లీ పగలవచ్చు. పగులు రెండు కొసలలో చిన్న రంధ్రాలు వేయించి, భాగమంతటినీ సమంగా వేడిచేసి, నికెల్ రాడ్‌తో అతికించి, నెమ్మదిగా చల్లారనివ్వాలి. తరువాత ఫ్లాంజ్ (ఇంజిన్‌కు బిగించే చదునైన అంచు) వంగలేదని సరిచూసి, పీడన పరీక్ష చేయించి, కొత్త గ్యాస్కెట్‌తో బిగించండి. అయితే లోపలి గోడ తుప్పుతో పలచబడి ఉంటే, మా అభిప్రాయంలో ఈ శ్రమంతా వృథా. కొత్త మానిఫోల్డ్ తీసుకోవడమే మేలు.