ఆ మూడు నెలలు అబద్ధం కాదమ్మా

ప్రశ్న: మాది పొందూరు. మావారికి 61 ఏళ్ళు, నేతపని. తొమ్మిదేళ్ళుగా పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు). రెండేళ్ళ కిందట 40 సెంట్ల పొలం అమ్మి, దూరపు ఊళ్ళో ఒక ప్రైవేటు క్లినిక్‌లో స్టెమ్ సెల్ ఇంజక్షన్లు చేయించాం. ప్రయోగ దశలో ఉన్న వైద్యం అన్నారు. మూడు నెలలు చక్కగా నడిచారు, మగ్గం గుంటలోకి కూడా దిగారు. తర్వాత మళ్ళీ మొదటికొచ్చింది. ఇప్పుడు రెండో డోసుకు రమ్మని ఫోన్లు. ఆయన వెళ్దామంటున్నారు. మా అబ్బాయి ‘అంతా నాన్న భ్రమ’ అని మాట్లాడటం మానేశాడు. ‘నాకేసి చూసినా మొహం ముడుచుకునే ఉంటాడు’ అంటాడు. ఏం చేయను?

జవాబు: అమ్మా, ముందు ఆ ‘భ్రమ’ అన్న మాట సంగతి చూద్దాం. పొలం పోయినదానికన్నా ఆ మాటే మీవారిని ఎక్కువ కుంగదీస్తోందనిపిస్తోంది.

ఈ జబ్బులో, ఒంటి కదలికలకు కావలసిన డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే మెదడు కణాలు తగ్గిపోతూ వస్తాయి. నయమవుతుందని మనిషి గట్టిగా నమ్మితే, మిగిలిన కణాలే దాన్ని ఎక్కువగా వదులుతాయి. కెనడా పరిశోధకులు మందు లేని ఇంజక్షన్ ఇచ్చి, స్కాన్‌లో ఈ మార్పును చూశారు. అది 2001లో. ఆ ఏడాదే అమెరికాలో 40 మంది మీద జరిగిన కణమార్పిడి ప్రయోగం ఫలితాలు వచ్చాయి. అందులో సగం మందికి పుర్రెకు రంధ్రాలు పెట్టారే గాని కణాలు ఎక్కించలేదు. ఎవరికి ఎక్కించారో రోగులకు చెప్పలేదు. ఆ 40 మందిలో కొందరిని ఏడాది తర్వాత గమనిస్తే, తమకు ఎక్కించారని నమ్మినవాళ్ళే మెరుగ్గా ఉన్నారు, నిజంగా ఎక్కించారా లేదా అన్నదానితో సంబంధం లేకుండా.

మీవారి విషయంలోనూ అదే జరిగి ఉండవచ్చు. ఆయన మగ్గం గుంటలో కూర్చుని నాడె ఆడించిన రోజులు ఉత్తుత్తివి కావు. ఇది మీ అబ్బాయికి చదివి వినిపించండి.

కానీ రెండో డోసు వద్దమ్మా. మన దేశంలో 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం స్టెమ్ సెల్ చికిత్స కొన్ని రక్త సంబంధ జబ్బులకే. మిగతా వాటికి ప్రయోగంగానే చేయాలి. దానికి ప్రయోగాల రిజిస్ట్రీలో నమోదు, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. పొలం అమ్మించి చేసినదాన్ని ప్రయోగమనడమే తప్పు. అయితే ఆయనతో ‘మోసపోయాం’ అనకండి. ‘పెద్ద డాక్టరుకు చూపించాకే ఏదైనా’ అనండి. ఇంజక్షన్ల కాగితాలు, బిల్లులు అన్నీ తీసుకుని విశాఖ కేజీహెచ్ న్యూరాలజీకి వెళ్ళండి. ఏం ఎక్కించారో వాళ్ళకు తెలియాలి. ఆ క్లినిక్ మాట మీద బిళ్ళలు తగ్గించి ఉంటే అదీ చెప్పండి. ఈ జబ్బుకు వాడే ముఖ్యమైన బిళ్ళ లెవోడోపా, దాన్ని ఉన్నట్టుండి మానడం ప్రమాదం.

ఇక అబ్బాయి ఫిర్యాదు. ఈ జబ్బులో ముఖ కండరాలు బిగుసుకుపోతాయి. లోపల ప్రేమ ఉన్నా ముఖం మీదికి రాదు. గొంతు కూడా సన్నబడుతుంది. తండ్రి పిలిచినా పక్కగదిలోకి వినపడకపోవచ్చు. కొడుకు దాన్ని కోపమనుకున్నాడు. పాపం, ఇద్దరూ ఒకరినొకరు తప్పుగా చదువుకున్నారు. దిగులు కూడా ఈ జబ్బులో భాగమే, దానికీ మందులున్నాయి. డాక్టరు దగ్గర దాచకండి.

ఇంట్లో చూసుకోవాల్సింది ముఖ్యంగా బిళ్ళ వేళ. పప్పు, చేపలు, పాలతో పాటు వేసుకుంటే లెవోడోపా సరిగా పనిచేయదు. అన్నానికి అరగంట ముందే వేయండి. వికారంగా ఉంటే డాక్టరును అడిగి వేళ మార్చండి. గుమ్మం దగ్గర కాళ్ళు నేలకు అతుక్కుపోతుంటే, అడుగు దూరానికొకటి చొప్పున ముగ్గుపిండితో అడ్డగీతలు గీయండి. ‘ఈ గీత దాటండి’ అంటే చాలామందికి కాలు కదులుతుంది. చేయి పట్టుకుని లాగకండి, పడిపోతారు. టీ గ్లాసు సగమే నింపండి.

బిళ్ళ వేళలకు ఫోన్‌లో అలారాలు పెట్టాలి కదా, ఆ పని అబ్బాయికి అప్పగించండి. పొద్దున మొదటి బిళ్ళ కూడా వాడి చేత్తోనే ఇప్పించండి.