తొడ పైసిరలో రక్తం గడ్డ: గజ్జకు ఎంత దూరంలో ఉంది?

ప్రశ్న: నా వయసు 48. బట్టల షాపులో రోజంతా నిలబడే పని. ఎడమ కాలికి ఎప్పటి నుంచో వేరికోస్ వెయిన్స్ ఉన్నాయి. వారం నుంచి తొడ లోపలి వైపు నరం తాడులా గట్టిపడి, ఎర్రబడి, ముట్టుకుంటే నొప్పి పెడుతోంది. డాప్లర్ స్కాన్‌లో ‘గ్రేట్ సఫీనస్ వెయిన్‌లో గడ్డ’ అని వచ్చింది. పై నరమే కదా, నూనె రాసి మర్దన చేస్తే పోతుందంటున్నారు. చేయవచ్చా? – ఓ పాఠకురాలు, వరంగల్

జవాబు: మర్దన మాత్రం వద్దమ్మా. ముందు రిపోర్టు మళ్లీ చూడండి. గడ్డ పై అంచు గజ్జలోని సంగమానికి, అంటే ఈ సిర లోతు సిరలో కలిసే చోటుకు, ఎన్ని సెంటీమీటర్ల దూరంలో ఉందో రాశారా? లేకపోతే ఇవాళే అడిగి రాయించుకోండి. చికిత్స చాలావరకు ఆ అంకెను బట్టే ఉంటుంది.

గ్రేట్ సఫీనస్ అనే ఈ పైసిర (చర్మానికి దగ్గరగా ఉండే సిర) పాదం మీద మొదలై, చీలమండ లోపలి ఎముక ముందు నుంచి మోకాలి లోపలి వైపుకు, అక్కడి నుంచి తొడ లోపలి భాగం మీదుగా పైకి వస్తుంది. తొడలో ఇది రెండు పలుచటి పొరల మధ్య ఉంటుంది. చర్మం మీద మెలికలు తిరిగి కనిపించేవి చాలావరకు దీని కొమ్మలే. గజ్జకు కొద్దిగా కింద ఇది లోతుకు దిగి, ఫెమొరల్ వెయిన్ అనే పెద్ద సిరలో కలుస్తుంది. పైసిరలోని గడ్డ ఆ సంగమం దాటితే లోతు సిరలో గడ్డ ఉన్నట్టే. అందులో ముక్క ఊడితే ఊపిరితిత్తులకు చేరుతుంది. మధ్య తొడలోనూ పైసిరను లోతు సిరతో కలిపే చిన్న దారులున్నాయి. కాబట్టి లోతు సిరలను కూడా చూశారో లేదో కనుక్కోండి.

గడ్డ సంగమానికి 3 సెం.మీ. లోపు ఉంటే లోతు సిరలో గడ్డకు ఇచ్చినట్టే పూర్తి మోతాదులో రక్తం పలచబరిచే మందు ఇస్తాం. అంతకంటే దూరంగా ఉండి, గడ్డ పొడవు 5 సెం.మీ. లేదా ఎక్కువైతే తక్కువ మోతాదులో సాధారణంగా 45 రోజులు వాడాలి. అల్సర్, కిడ్నీ జబ్బు ఉన్నా, వేరే మాత్రలు వేసుకుంటున్నా డాక్టరుకు ముందే చెప్పండి. మంచం పట్టొద్దు, మామూలుగా నడవండి. వారం, పది రోజుల్లో స్కాన్ మళ్లీ తీయించాలి.

కాలు మొత్తం వాచినా, ఆయాసం, ఛాతీనొప్పి వచ్చినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

వేరికోస్ వెయిన్స్‌కు లేజర్ లాంటి చికిత్స ఈ వాపు పూర్తిగా తగ్గాక ఆలోచిద్దాం. ఆ సిర మూసేస్తే రక్తం ఎలా పోతుందన్న టెన్షన్ వద్దు. కాలి రక్తంలో ఎక్కువ భాగాన్ని పైకి తీసుకెళ్లేవి లోతు సిరలే.