న్యూరాన్లు ముద్దకడితే ముందు గాజును అనుమానించండి

ప్రశ్న: బెంగళూరులో పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నాను. 18 రోజుల ఎలుక పిండాల నుంచి మెదడులోని హిప్పోకాంపస్ భాగపు న్యూరాన్లు (నాడీకణాలు) తీసి గాజు కవర్‌స్లిప్‌ల మీద కల్చర్ చేస్తున్నాను, అంటే ల్యాబ్‌లో పెంచుతున్నాను. మొదటి రోజు బాగానే అతుక్కుంటాయి. నాలుగో రోజుకల్లా ముద్దలు కట్టి, ముద్దకీ ముద్దకీ మధ్య లావుపాటి తాళ్లు వేసుకుంటున్నాయి. మా సీనియర్ మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం) మార్చమంటున్నారు. తప్పు మీడియందేనా?
– ఒక పాఠకురాలు, యలహంక

జవాబు: కాదండీ. ఈ లక్షణం గాజుది. కణం పైపొర మీద రుణావేశం ఉంటుంది, గాజు మీదా అదే. రెంటినీ కలిపి పట్టుకునేది మధ్యలో ఉన్న, ధనావేశం గల పాలీ-డి-లైసిన్ పూత. కవర్‌స్లిప్ మీద జిడ్డు ఉన్నచోట పూత నిలవదు. అక్కడ పట్టు దొరకని కణాలు పక్క కణాలనే పట్టుకుంటాయి.

కొత్త పెట్టెలోంచి తీసిన కవర్‌స్లిప్ శుభ్రంగా ఉంటుందనుకోవద్దు. ఫ్యూమ్ హుడ్‌లో గాఢ నైట్రిక్ యాసిడ్‌లో రాత్రంతా నాననిచ్చి, యాసిడ్ పూర్తిగా పోయేదాకా డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి, తర్వాత పొడి వేడిలో స్టెరిలైజ్ చేయండి. పూతకి 8.5 పీహెచ్ ఉన్న బోరేట్ బఫర్‌లో మిల్లీలీటరుకు 0.1 మిల్లీగ్రాము పాలీ-డి-లైసిన్ కలిపి, రాత్రంతా ఉంచండి. పొద్దున స్టెరైల్ నీళ్లతో మూడుసార్లు, ప్రతిసారీ కాసేపు నాననిచ్చి కడగాలి. తొందరపడి ఒక్కసారితో సరిపెడితే మిగిలిపోయిన పాలీ-డి-లైసిన్ కణాలకు విషమవుతుంది. అప్పుడు ముద్దలు కట్టవు. కొమ్మలే వేయకుండా ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతాయి.

పూత బాగున్నా ముద్దలు వస్తున్నాయంటే మీ చేతిని చూసుకోండి. కణాలు వేశాక ప్లేటును గుండ్రంగా తిప్పుతున్నారా? అలా తిప్పితే కణాలన్నీ బావి (ప్లేటులోని గుంట) మధ్యకి చేరతాయి. ముందుకూ వెనక్కూ, తర్వాత కుడికీ ఎడమకీ మెల్లగా జరిపి, కల్చర్ హుడ్‌లోనే పది నిమిషాలు కదపకుండా ఉంచాకే ఇంక్యుబేటర్‌లో పెట్టండి. 24 బావుల ప్లేటులో బావికి 50 వేల కణాలతో మొదలుపెట్టడం మంచిది. మరీ పలచగా వేస్తే గ్లియా కణాల (న్యూరాన్లకు ఆసరాగా ఉండే మెదడు కణాలు) తోడు లేకుండా బతకవు.

మీడియాన్ని అనుమానించాల్సింది ఎప్పుడంటే, కణం ఒంట్లో బుడగలు కనిపించి, కొమ్మలు పూసల దండలా తెగుతున్నప్పుడు. మీడియంలో కలిపే పోషక మిశ్రమం బీ-27ను కరిగించి మళ్లీ గడ్డకట్టించారేమో చూడండి. సగం మీడియం మాత్రమే మూడు నాలుగు రోజులకోసారి మార్చండి. అంచు బావుల్లో కణాలు వేయకుండా స్టెరైల్ నీళ్లు పోయండి, లేకపోతే ఆవిరై లవణాలు చిక్కబడతాయి. చచ్చిన కణాలు గ్లూటమేట్ అనే సంకేత రసాయనాన్ని వదులుతాయి. అది కణం పొరలోని ఎన్‌ఎండీఏ గ్రాహకాలనే ద్వారాలను తెరిచి పక్క కణాల్లోకి కాల్షియం వరదలా పంపుతుంది. అందుకే ఒక మూల మొదలైన చావు ప్లేటంతా పాకుతుంది. అన్నీ సరిగ్గా కుదిరితే రెండో వారం చివరికి సైనాప్సులు (న్యూరాన్ల మధ్య సంధులు) చూడొచ్చు.

ప్రశ్న: ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చివరి ఏడాది. సెల్యులార్, మాలిక్యులర్ న్యూరోసైన్స్‌లో పీహెచ్‌డీ బెంగళూరులోనే చేయాలని ఉంది. ఏ పరీక్ష రాయాలి? డబ్బు సంగతేమిటి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: జీకేవీకే ఆవరణలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌కి జేజీఈఈబీఐఎల్‌ఎస్ అనే ప్రవేశ పరీక్ష, ఐఐఎస్‌సీ న్యూరోసైన్స్ సెంటర్‌కి నెట్ జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్), గేట్ లాంటివి రాయాలి. మానసిక ఆరోగ్య, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్, జక్కూరులోని పరిశోధన సంస్థ జేఎన్‌సీఏఎస్‌ఆర్ కూడా చూడండి. కేంద్ర జేఆర్‌ఎఫ్ 2023 నుంచి నెలకు 37 వేలు, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్)లో 42 వేలు. హాస్టల్ దొరకకపోతే ఇంటద్దె భత్యం వేరే. హెబ్బాళ వైపు అద్దెలు చూస్తే హాస్టలే మేలని మీకే తెలుస్తుంది.

సంస్థ పేరుకంటే ల్యాబ్ ముఖ్యమని మా గట్టి అభిప్రాయం. ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు గైడ్‌ని కాదు, అక్కడి విద్యార్థుల్ని అడగండి: పూర్తి చేయడానికి ఎన్నేళ్లు పట్టింది, జంతు నైతిక కమిటీ అనుమతి చేతిలో ఉందా, మైక్రోస్కోప్ స్లాట్ ఎన్నాళ్లకి దొరుకుతుంది అని. ఈలోపు ఫిజీ అనే సాఫ్ట్‌వేర్‌లో మైక్రోస్కోప్ బొమ్మల విశ్లేషణ, కాస్త పైథాన్ నేర్చుకోండి. ప్యాచ్ క్లాంప్ (సన్నని గాజు పిపెట్‌తో కణంలోని విద్యుత్తును కొలిచే పద్ధతి) మాత్రం పుస్తకంతో రాదు. పిపెట్‌కీ కణానికీ మధ్య గట్టి అతుకు, అంటే గిగాఓమ్ సీల్, పడటం చేతికి అలవాటు కావడానికే నెలలు పడుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి న్యూరోసైన్స్ చదువుతానంటోంది. నీట్ లేకుండా మెదడు డాక్టర్ అవుతుందా?
– ఒక తండ్రి, మారతహళ్లి

జవాబు: అవదండీ. రోగులను చూసే న్యూరాలజిస్టుకి ఎంబీబీఎస్, ఎండీ, డీఎం కావాలి. మీ అమ్మాయి చదవబోయేది పరిశోధన. పీహెచ్‌డీకి అయిదారేళ్లు, ఆపైన పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధన ఉద్యోగం). సొంత ల్యాబ్ దొరికేసరికి చాలామందికి ముప్పై అయిదు దాటుతుంది. పెళ్లి సంబంధాల లెక్కలు వేసే ముందే ఈ సంగతి ఇంట్లో మాట్లాడుకోండి.