బాబు పరుగెత్తుకొస్తే చేయి అడ్డం పెడుతున్నాను... ఎందుకు డాక్టర్?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా కాశీనగర్. నాకు ఎనిమిదో నెల. చెకప్‌కు పర్లాకిమిడి వెళ్దామని రైలెక్కితే, ఎవరైనా నెత్తిన మూటతో కాస్త దగ్గరగా వచ్చినా ఒళ్లు జలదరిస్తోంది. ఇంట్లో మా మూడేళ్ల బాబు పరుగెత్తుకొస్తే నాకు తెలియకుండానే చేయి అడ్డం పెట్టేస్తున్నాను. వాడు బిక్కమొహం వేస్తున్నాడు. మా అత్తయ్య దిష్టి అంటారు, మా ఆయన హార్మోన్లు అంటారు. వాడి మీద ప్రేమ తగ్గిందేమోనని నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: ప్రేమ తగ్గినవాళ్లు బాబు మొహం చూసి ఇంత బాధపడరమ్మా. ఆ టెన్షన్ వదిలేయండి.

మన చుట్టూ చేయి చాపితే అందేంత జాగాను మెదడు ప్రత్యేకంగా కాపలా కాస్తుంది. ఒళ్లు తాకినప్పుడే కాదు, ఏదైనా దగ్గరకు వచ్చినప్పుడు కూడా స్పందించే నాడీకణాలను 1981లో ఇటలీ శాస్త్రవేత్త రిజొలాట్టి బృందం కోతుల మెదడులో గుర్తించింది. దోమ ఇంకా వాలకుండానే మన చేయి లేస్తుంది చూడండి, ఇలాంటి కాపలా వల్లే. ఈ జాగాకు హద్దు ఒకేచోట ఉండిపోదు. భయం వేసినా, చేతిలో కర్ర ఉన్నా కాస్త జరుగుతుంది.

గర్భిణుల్లో ఈ హద్దు ఎక్కడుందో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో కొలిచారు. 2019లో ఫలితాలు వచ్చాయి. పొట్ట మీద చిన్న తాకిడి ఇచ్చి, అదే సమయంలో ఒకసారి దగ్గర నుంచి, ఒకసారి దూరం నుంచి శబ్దం వినిపించారు. శబ్దం దగ్గరగా ఉంటే ఎవరైనా తాకిడిని త్వరగా పసిగడతారు. ఆ త్వర ఎంత దూరపు శబ్దం దాకా ఉంటుందో అదే హద్దన్నమాట. 34 వారాలప్పుడు గర్భిణుల్లో ఈ హద్దు మామూలు ఆడవాళ్లకన్నా దూరం జరిగి కనిపించింది. 20 వారాలప్పుడు ఆ తేడా లేదు, కాన్పయిన 8 వారాలకూ లేదు. మీరున్నది సరిగ్గా ఆ నెలల్లోనే.

మీ ఆయన మాటకొద్దాం. ఈ నెలల్లో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరాన్ బాగా పెరిగి ఉంటాయి, నిజమే. కానీ పొట్టా అప్పుడే పెరుగుతుంది, కాన్పుతో రెండూ తగ్గుతాయి. ఏది ఎంత పని చేసిందో ఆ పరిశోధన విడదీయలేదు. కాబట్టి ఆయనకు సగం మార్కులే! హార్మోన్లకు దూరం మార్చే శక్తి ఉంటుందని మాత్రం వేరేచోట తెలిసింది. 2012లో జర్మనీలో మగవాళ్లకు ఆక్సిటోసిన్ ముక్కులో స్ప్రే చేసి చూస్తే, భార్యో, ప్రియురాలో ఉన్నవాళ్లు అందమైన పరాయి స్త్రీకి ఇంకో 10-15 సెంటీమీటర్లు ఎడంగా నిలబడ్డారు. ఒంటరివాళ్లు జరగలేదు. ప్రేమ హార్మోన్ అని పేరు పడ్డదే ఎడం పెంచింది చూశారా.

బాబు కోసం ఒక పని చేయండి. వాడు వచ్చే వేళకు గోడకు ఆనుకుని కూర్చుని, మీరే పక్కకు పిలిచి చేయి పట్టుకోండి. ఎదురుగా దూసుకొచ్చేవాడు పక్కన చేరితే మీ చేయి లేవకపోవచ్చు. రైల్లో తలుపు దగ్గర నిలబడకండి, సీటు అడగడానికి మొహమాటపడకండి. నిద్ర పట్టనంత భయంగా ఉంటే చెకప్‌లో చెప్పండి. మందుల షాపులో నిద్రమాత్ర అడిగి వేసుకోవద్దు.

ఒకటి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, మొహం వాపు, పక్కటెముకల కింద నొప్పి ఉన్నా, బీపీ 140/90 గానీ అంతకు మించి గానీ ఉన్నా అది హద్దు గొడవ కాదు, గుర్రపువాతానికి (గర్భిణులకు బీపీ పెరిగి వచ్చే ఫిట్స్‌కు) ముందు వచ్చే ప్రమాదం కావచ్చు. రక్తస్రావం, పొట్టకు దెబ్బ, బిడ్డ కదలికలు తగ్గడం కూడా అంతే. మర్నాటి దాకా ఆగకుండా 102కు ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లండి.

అత్తయ్య దిష్టి తీస్తానంటే తీయనివ్వండి. ఎండుమిరపకాయల పొగ మాత్రం మీ ముక్కు దాకా రాకుండా పెరట్లో వేయమనండి.