ముందు తోటకూర చల్లండి

మీరు అడిగింది ఇదీ: నలభై దాటాయి, ఉద్యోగం ఊగుతోంది, పాప హాస్టల్‌కి వెళ్ళిపోతోంది, నాన్నగారికి ఒంట్లో బాగుండటం లేదు. అన్నీ ఒక్కసారే మారిపోతుంటే బెంగ పెట్టుకోకుండా, ఆశ చావకుండా ఎలా ఉంటారు అని. పుస్తకాలు చదివి చెప్పేంత నా దగ్గరేం లేదు. మా నాన్న చేసింది చూశాను, నా వంతు వచ్చినప్పుడు అదే చేశాను.

మాది కోనసీమ. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను గురించి మా వైపు ఎవర్ని కదిపినా చెప్తారు. దీపావళి ఇంకా నాలుగు రోజులుంది. సార్వా వరి, అంటే వానాకాలం పంట, కోతకి దగ్గరపడింది. తెల్లారి చూస్తే చేలన్నీ నీళ్ళలో, కొబ్బరి చెట్లు ఒకదాని మీద ఒకటి. "కష్టాలు మనుషులకు కాక మానులకు వస్తాయా" అంటారు కదా, ఆ రాత్రి మా ఊళ్ళో మానులకే వచ్చాయి. మనుషులు పోయిన ఇళ్ళూ ఉన్నాయి, వాళ్ళ ముందు మాది నష్టమే కాదు. కానీ కొబ్బరి మీద బతికే ఇంటికి తోట పడిపోవడమంటే ఏంటో ఒక్క లెక్క చెప్తే తెలుస్తుంది. మేం వేసే పొడుగు రకం మొక్క ఇవాళ పాతితే కాపుకొచ్చేసరికి ఆరేడేళ్ళు. నేనప్పుడు ఇంటర్. అంటే ఆ మొక్క కాయకుండానే నా చదువూ, అక్క పెళ్ళీ గట్టెక్కాలి.

పడకుండా నిలబడ్డ చెట్లున్నాయిగా అంటే, వాటి సంగతీ అంతే. కొబ్బరి గెల బయటికి కనపడటానికి రెండేళ్ళ పైన ముందే మొవ్వులో, అంటే చెట్టు తలలోని లేత మొగ్గలో, రూపు కడుతుంది. గాలికి మొవ్వు మెలిపడ్డ చెట్టు చూడ్డానికి పచ్చగానే ఉంటుంది. దింపు తీయించిన రోజున, అంటే కాయలు కోయించిన రోజున, బయటపడుతుంది అసలు సంగతి. చెట్టెక్కినతను పైనుంచే "ఏం లేదండీ, ఆయ్" అని దిగొచ్చేసేవాడు. నాన్న అతని కూలి అతని చేతిలో పెట్టేవాడు.

ఓదార్చడానికి వచ్చినవాళ్ళు బోలెడుమంది. అంతా మన మంచికే అన్నారొక చుట్టం. నాన్న ఏమీ అనలేదు, కాఫీ ఇచ్చి పంపించాడు. నాకు మాత్రం ఆ మాట ఇప్పటికీ పడదు. కొన్ని పడిపోవడాలు ఎవరి మంచికీ కావు. అలా అనుకోమని మిమ్మల్ని మీరు బలవంతం చేసుకోకండి కూడా.

పడిన మానులు కోయించి బయటపెట్టించాక నాన్న మొట్టమొదట చేసిన పని, పెరట్లో మడి కట్టి తోటకూర చల్లడం. తోట తోటంతా పోతే ఆకుకూర చల్లుకుంటున్నాడేంటని వీధిలో నవ్వుకున్నారు. నెల తిరిగేలోపే కోతకొచ్చింది. అమ్మ కట్టలు కట్టి సగం ఇరుగుపొరుగుకి పంచింది, సగం అమ్మింది. దాంతో వచ్చింది ఏపాటి డబ్బులెండి. కానీ మా ఇంట్లో మళ్ళీ ఎవరో ఒకరు పొద్దున్నే లేచి నీళ్ళు పెట్టాల్సిన పని ఒకటి పుట్టింది. తర్వాత తోట ఖాళీల్లో అరటి పిలకలు వేశాడు, ఏడాదికల్లా గెల. వాటి మధ్యలో, దూరం దూరంగా, కొబ్బరి మొక్కలు. ఎందుకిన్ని రకాలని ఒకసారి అడిగాను.

"కొబ్బరి మొక్క వంకే చూస్తా కూచుంటే ఏడేళ్ళూ ఏడుపేరా. ఈ నెల్లో కోసుకునేది ఒకటి ఉండాలి."

ఆశ గురించి నేను విన్నవాటిలో ఇంతకన్నా పనికొచ్చే మాట లేదు. మనం ఆశనంతా ఆలస్యంగా కాసే వాటిమీదే పెడతాం. మంచి ఉద్యోగం, పిల్లల సెటిల్మెంటు, పెద్దవాళ్ళ ఆరోగ్యం. అవి కదలకపోతే మనమే కదలడం లేదనిపిస్తుంది. అక్కడ మొదలవుతుంది బెంగ.

నా వంతు 2020లో వచ్చింది. హైదరాబాద్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో లెక్కలు చూసేవాణ్ణి. లాక్‌డౌన్‌లో పెళ్ళి కార్డులూ లేవు, స్కూలు పుస్తకాలూ లేవు, ప్రెస్ మూతపడింది. ఉద్యోగాల వేట ఒకపక్క సాగుతూనే ఉంది, అది కొబ్బరి. మా వీధి చివర హార్డ్‌వేర్ షాపాయన జీఎస్టీ రిటర్నులు నేను వేస్తానని అడిగి తీసుకున్నాను, అది తోటకూర. ఇచ్చేది తక్కువే. కానీ 3బీ అనే నెలవారీ రిటర్ను గడువు తేదీలోపు వెయ్యాలి, బిల్లులు ముందే సర్దుకోవాలి. ఆ తేదీ వల్ల నెలకి ఒక ఆకారం వచ్చింది, లేకపోతే సోమవారమో శుక్రవారమో కూడా తెలిసేది కాదు. ఆయన చెప్పి ఇంకో రెండు షాపులు వచ్చాయి. సాయంత్రాలు డిగ్రీ పిల్లలకి ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ చెప్పడం మొదలుపెట్టాను, అది అరటి. ఉద్యోగం ఏడాది దాటాక దొరికింది. దొరక్కపోయినా అరటి, తోటకూర నడుస్తూనే ఉండేవి.

రాత్రుల సంగతి వేరు. పగలు ఎంత పని ఉన్నా రెండింటికి మెలకువ వచ్చేది, ఇంటి లోను దగ్గర్నుంచి అమ్మ మోకాళ్ళ దాకా అన్నీ వరసగా గుర్తొచ్చేవి. బెంగపడకూడదు అనుకుంటే అది ఇంకాస్త పెరిగేది. చివరికి దానికో టైము పెట్టాను. సాయంత్రం ఆరింటికి, టీ తాగాక, అరగంట, ఒక లాంగ్ నోట్‌బుక్, ఏమేం బెంగలున్నాయో అన్నీ రాసెయ్యడం. కౌన్సెలింగ్ చేసేవాళ్ళు కూడా ఇది చెప్తారని తర్వాత తెలిసింది. రాత్రి మెలకువొస్తే "రేపు ఆరింటికి చూద్దాం" అనుకోవడమే. మొదట్లో ఒప్పుకోదు మనసు, పదిహేను ఇరవై రోజులకి దారిలోకొస్తుంది. మా ఆవిడ "ఆరైంది, వెళ్ళి బెంగపడండి" అని వెక్కిరించేది. రాసినవాటిలో సగం మర్నాడు చదివితే నాకే నవ్వొచ్చేది. మిగతా సగంలో చాలావాటికి ఒక ఫోన్ కాలో, ఒక కాగితమో కావాలి, అంతే.

నాన్నగారి ఆరోగ్యం గురించి. మా నాన్నకి షుగర్. నెలలోనే రెండుసార్లు మూడు నెలల సగటు పరీక్ష చేయిద్దామని నేను పట్టుబడితే, డాక్టరుగారు వద్దన్నారు. అది రెండు మూడు నెలల సగటు చూపిస్తుంది, అంత తొందరగా కొలిస్తే తేలేదేం లేదు. అప్పట్నుంచి రిపోర్టులన్నీ ఒకే ఫైల్లో, వచ్చే పరీక్ష తేదీ క్యాలెండర్ మీద. ఆ మధ్యలో నేను చూసేది రెండే: మందులు వేసుకున్నాడా, నడిచాడా. ఆయన మాత్రం పనసతొనలు దాచుకుని తింటూనే ఉంటాడు, అది వేరే గొడవ.

పాప హాస్టల్ విషయంలో నేనేం చెప్పలేను. మావాడు ఇంకా ఇంట్లోనే ఉన్నాడు, అది దాటినవాళ్ళు చెప్పాలి.

ఒక్కటి మాత్రం పక్కన పెట్టకండి. వారాల తరబడి నిద్ర లేకపోయినా, తిండి సహించకపోయినా, ఎందుకీ బతుకు అనిపించినా, అది తోటకూరతో తీరేది కాదు. టెలి మానస్ అని ప్రభుత్వ సేవ ఉంది, నంబరు 14416. ఎప్పుడైనా చెయ్యొచ్చు, డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మీరు ఏ పనిలో ఉన్నారో రాయలేదు. రాయండి. ఈ నెల్లోనే చేతికొచ్చే చిన్న పని ఏదుందో, ఆ లైన్ తెలిసినవాళ్ళు ఎవరో ఒకరు చెప్పకపోరు.